వంటశాలలో దైవస్మరణ

ముప్పై ఏళ్ల యుద్ధంలో గాయపడిన లొరేన్ సైనికుడు నికొలా ఎర్మాన్ 1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరి, సోదర లారెన్స్ అయ్యాడు. పాండిత్యం లేనివాడు గనుక వంటశాల అప్పగించారు. ఆ పని ఆయనకు స్వభావతః గిట్టదు. అయినా సుమారు పదిహేనేళ్లు నిర్వహించాడు, కుంటికాలు సహకరించక చెప్పులు బాగుచేసే పనికి మారేదాకా. పెనం మీది అట్టు తిరగవేస్తూ కూడా దైవసన్నిధిని మరువకపోవడమే ఆయన సాధన. ఆ సంఘాన్ని సంస్కరించిన అవీలా తెరెసా ఈ మార్గాన్ని అంతకుముందే సూచించింది. బ్రతికి చూపినవాడు ఈ వంటవాడు.

1691లో ఆయన మరణించాక బోఫోర్ అనే మతాచార్యుడు ఆయన లేఖలనూ సంభాషణలనూ ప్రకటించాడు. క్వైటిజం వివాదంలో ఫెనెలాన్ లారెన్స్‌ను ఉదాహరించాడు. 1699లో పోప్ ఫెనెలాన్ గ్రంథాన్ని ఖండించడంతో వంటవాని మాటలపైనా నీలినీడ పడింది. విచిత్రమేమంటే, ఆనాడు వాటిని ఆదరించి నిలిపినవారు ప్రొటెస్టెంట్లు.