చట్టం ఇవ్వని స్వాతంత్ర్యం: రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా వై.వి. రెడ్డి

రిజర్వ్ బ్యాంకు స్వతంత్ర సంస్థ అని వాడుకలో అనేస్తాం గానీ, 1934 నాటి చట్టం ఎక్కడా ఆ మాట అనదు. పైపెచ్చు ప్రజా ప్రయోజనం దృష్ట్యా అవసరమనుకుంటే, గవర్నరును సంప్రదించిన మీదట బ్యాంకుకు ఆదేశాలిచ్చే అధికారాన్ని 7వ సెక్షన్ కేంద్ర ప్రభుత్వానికి కట్టబెట్టింది. గవర్నరును నియమించేదీ, పదవీకాలం పొడిగించేదీ, అవసరమైతే తప్పించేదీ ప్రభుత్వమే. ఇలాంటి అమరికలో గవర్నరు ఎదురుతిరిగితే ఏమవుతుందో 1957లోనే తేలిపోయింది. బిల్లులపై స్టాంపు సుంకం పెంచాలని ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి తలపెట్టారు. దానివల్ల బ్యాంకులు తెచ్చుకునే అప్పు ప్రియమవుతుంది. అంటే రిజర్వ్ బ్యాంకుతో నిమిత్తం లేకుండా వడ్డీ రేటును ప్రభుత్వమే దొడ్డిదారిన పెంచినట్టు. 1949 నుంచీ గవర్నరుగా ఉన్న బెనెగల్ రామారావు ఇందుకు అభ్యంతరం చెప్పారు. ప్రధాని నెహ్రూ మంత్రి పక్షాన నిలిచారు. రామారావు ఆ జనవరిలో రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఆయన గౌరవం నిలబడింది, సుంకం విషయంలో మాత్రం మంత్రి మాటే నెగ్గింది.

ఈ పూర్వరంగం తెలిస్తే యాగా వేణుగోపాల్ రెడ్డి పేరిట ప్రచారంలో ఉన్న ఒక చమత్కారం అసలు బరువు తెలుస్తుంది. రిజర్వ్ బ్యాంకుకు పూర్తి స్వయంప్రతిపత్తి ఉందనీ, ఆ సంగతి చెప్పడానికి ఆర్థిక మంత్రి దగ్గర అనుమతి కూడా తీసుకున్నాననీ ఆయన అన్నారట. విన్నవాళ్లు నవ్వి ఊరుకున్నారు. నా వాదన ఏమిటంటే, 2003 సెప్టెంబరు నుంచి 2008 సెప్టెంబరు దాకా సాగిన ఆయన అయిదేళ్ల పాలన పద్ధతి మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. స్వాతంత్ర్యాన్ని ఆయన హక్కుగా అడగలేదు. ప్రభుత్వం చేత సంతకం పెట్టించుకుని కొంత, ప్రభుత్వం పెద్దగా పట్టించుకోని నియంత్రణ అధికారాల్లో కొంత, వాయిదా వేయడంలో కొంత సంపాదించుకున్నారు.

రెడ్డి 1941లో కడప జిల్లాలో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఆర్థికశాస్త్రం, ఉస్మానియాలో పీహెచ్‌డీ. 1964లో ఐఏఎస్‌కు ఎంపికై ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో చేరారు. ఐఏఎస్ నుంచి వచ్చిన గవర్నరు ఢిల్లీ గీసిన గీత దాటడన్న అభిప్రాయం మన ఆర్థికవేత్తల్లో బలంగా ఉంది. రెడ్డి విషయంలో అది తలకిందులైందని నా అంచనా. ఫైలు ఏ బల్ల దగ్గర ఆగుతుందో, ఏ నోట్ మీద ఎవరు సంతకం పెడితే ఆ తర్వాత వెనక్కి తగ్గలేరో బయటినుంచి వచ్చిన ప్రొఫెసరు కంటే ఆయనకే బాగా తెలుసు.

ఆయన్ను తీర్చిదిద్దిన సంవత్సరం 1991. విదేశీ మారక నిల్వలు అడుగంటి, దిగుమతులకు చెల్లింపులు ఆగిపోయే స్థితి వచ్చినప్పుడు ఆయన ఆర్థిక మంత్రిత్వ శాఖలో సంయుక్త కార్యదర్శి. చెల్లింపుల శేషం ఆయన చూసే విషయమే. ఆ ఏడాది రిజర్వ్ బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాలకు పంపి, దాన్ని తాకట్టు పెట్టి 40 కోట్ల డాలర్ల పైచిలుకు అప్పు తెచ్చింది. బంగారం విమానాశ్రయానికి వెళ్తుంటే దారిలో ఒక వాహనం టైరు పగిలి ఆగిపోవడం, కాపలా సిబ్బంది కంగారు పడటం ఆయన 2017లో వచ్చిన తన ఆత్మకథ ‘అడ్వైస్ అండ్ డిసెంట్’లో చెప్పారు. తర్వాత రంగరాజన్ అధ్యక్షతన చెల్లింపుల శేషంపై ఏర్పడిన ఉన్నత స్థాయి సంఘానికి ఆయనే సభ్య కార్యదర్శి. స్వల్పకాలిక విదేశీ అప్పును దగ్గరికి రానీయొద్దని, అప్పు కంటే పెట్టుబడి మేలని 1993లో ఆ సంఘం చెప్పింది. డాలర్లు కట్టలు తెంచుకుని వచ్చిపడుతున్న 2007లో కూడా రెడ్డి వాటిని అనుమానంగానే చూశారంటే ఆ మూలాలు ఇక్కడున్నాయి.

డిప్యూటీ గవర్నరుగా ఉన్న కాలం (1996–2002) గురించి రెండు ముక్కలు చాలు. 1955 నుంచీ ప్రభుత్వం అడిగినప్పుడల్లా అడ్‌హాక్ ట్రెజరీ బిల్లుల మీద రిజర్వ్ బ్యాంకు డబ్బు ఇస్తూ వచ్చింది. లోటును నోట్ల ముద్రణతో పూడ్చే ఆ ఏర్పాటు 1997 ఏప్రిల్ 1న రద్దయింది. నా దృష్టిలో ఈ దేశంలో కేంద్ర బ్యాంకు స్వాతంత్ర్యానికి సంబంధించి అసలైన మలుపు అదే, పత్రికలు మాత్రం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇక అదే ఏడాది ఆగస్టులో గోవాలో విదేశీ మారక వ్యాపారుల ముందు రెడ్డి మాట్లాడుతూ, రూపాయి విలువ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందన్న అర్థం వచ్చే లెక్కలు విప్పారు. మార్కెట్ ఉలిక్కిపడింది, రూపాయి జారింది. తూర్పు ఆసియా సంక్షోభం అప్పుడే మొదలవుతోంది. ఆయన నోరు జారారని చాలామంది అనుకున్నారు. డిప్యూటీ గవర్నరు స్థాయి మనిషి లెక్కలు ముందేసుకుని చదివిన ప్రసంగాన్ని నోరు జారడం అనడం నాకు సబబుగా తోచదు.

గవర్నరయ్యాక తొలి పెద్ద పరీక్ష హైదరాబాదులోనే ఎదురైంది. ఇక్కడి ప్రధాన కార్యాలయం నుంచి నడిచే గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు స్టాక్ మార్కెట్ సంబంధిత అప్పుల్లో కూరుకుపోయింది. 2004 జూలై 24 శనివారం దాని మీద మారటోరియం పడింది. ఖాతాదారులు పదివేల రూపాయల వరకే తీసుకోగలరు. సోమవారానికల్లా ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనం ప్రతిపాదన బయటికొచ్చింది, ఆగస్టు 14న విలీనమూ పూర్తయింది. డిపాజిటర్ల సొమ్ము భద్రంగా బయటపడింది, వాటాదారులకు ఏమీ మిగల్లేదు. వాటాదారుల్లో చిన్న మదుపరులూ ఉన్నారు, వాళ్ల గోడు న్యాయమైనదే. అయితే బ్యాంకు నష్టం ముందు ఎవరి మీద పడాలన్న ప్రశ్నకు నాలుగేళ్ల తర్వాత అమెరికా తడబడుతూ వెతుక్కున్న జవాబు, ఇక్కడ ఒక వారాంతంలో దొరికింది.

ఇక ప్రభుత్వం చేత సంతకం పెట్టించుకున్న ఉదంతం. 2003–04లో డాలర్లు వరదలా వస్తున్నాయి. రూపాయి మరీ బలపడకుండా రిజర్వ్ బ్యాంకు వాటిని కొంటుంది, కొన్నప్పుడల్లా వ్యవస్థలోకి రూపాయలు వదలాలి. ఆ రూపాయలను మళ్లీ లాగేయాలంటే తన దగ్గరున్న ప్రభుత్వ బాండ్లు అమ్మాలి. అమ్మీ అమ్మీ 2004 మొదటికి ఆ బాండ్లు తరిగిపోయాయి. సొంతంగా బాండ్లు జారీ చేసే అధికారం చట్టం రిజర్వ్ బ్యాంకుకు ఇవ్వలేదు. మార్చి 25న ఆర్థిక శాఖతో ఒక అవగాహన ఒప్పందం కుదిరింది, ఏప్రిల్ నుంచి మార్కెట్ స్థిరీకరణ పథకం మొదలైంది. ఒప్పందంలో కీలకం ఇది: ప్రభుత్వం ప్రత్యేకంగా బాండ్లు జారీ చేస్తుంది, వచ్చిన డబ్బు రిజర్వ్ బ్యాంకులో విడిగా ఒక ఖాతాలో ఉంటుంది, ప్రభుత్వం దాన్ని ఖర్చు పెట్టకూడదు. వడ్డీ మాత్రం బడ్జెట్ భరిస్తుంది, అదీ అందరికీ కనబడేలా. మొదట్లో పరిమితి 60,000 కోట్ల రూపాయలు, 2007–08లో అది 2,50,000 కోట్లకు చేరింది.

వినడానికి ఇదంతా జమాఖర్చుల వ్యవహారంలా ఉంటుంది. కానీ అప్పు తెచ్చిన ప్రభుత్వం ఆ డబ్బు ముట్టుకోనని తనకు తాను రాసివ్వడం మామూలు సంగతి కాదు. పైగా రెండు నెలలకే ఎన్నికల్లో ప్రభుత్వం మారింది, ఒప్పందం మారలేదు. గవర్నరు మొండికేసి సాధించినదైతే కొత్త మంత్రితో మళ్లీ మొదటినుంచి పోరాడాల్సి వచ్చేది.

రెడ్డి పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం రెండో తోవలో, నియంత్రణలో. 2004 నుంచి మూడేళ్లపాటు బ్యాంకు రుణాలు ఏటా సుమారు 30 శాతం చొప్పున పెరిగాయి. ఇళ్ల స్థలాల ధరలు ఎలా ఎగబాకాయో హైదరాబాదు, బెంగళూరు శివార్లలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. వడ్డీ రేటు అమాంతం పెంచితే రైతు, చిన్న పరిశ్రమ, ఎగుమతిదారు అందరూ నలుగుతారు, ఆర్థిక మంత్రీ ఊరుకోడు. రెడ్డి రిస్క్ వెయిట్‌ను పట్టుకున్నారు. బ్యాంకులు తామిచ్చే అప్పుకు తగ్గట్టు కొంత సొంత మూలధనం ఉంచుకోవాలి, మన దేశంలో ఆ కనీసం 9 శాతం. గృహ రుణానికి రిస్క్ వెయిట్ 50 శాతం ఉన్నప్పుడు 100 రూపాయల అప్పు వెనక 4.50 రూపాయల మూలధనం సరిపోతుంది. 2004 డిసెంబరులో దాన్ని 75 శాతం చేశారు, అంటే 6.75 రూపాయలు. వాణిజ్య స్థిరాస్తికి 100 నుంచి 2005లో 125కు, 2006లో 150కి పెంచారు. అక్కడ 100 రూపాయల అప్పుకు 13.50 రూపాయలు కట్టిపడేయాలి. సక్రమంగా వసూలవుతున్న అప్పులకు సైతం ముందుజాగ్రత్తగా తీసి ఉంచాల్సిన సొమ్మునూ ఆ రంగంలో దశలవారీగా పెంచి 2 శాతానికి తెచ్చారు. ఇవన్నీ రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్లతో అయిపోయేవి. కేంద్ర మంత్రివర్గం ముందుకు వెళ్లే పనిలేదు, మర్నాటి దినపత్రికలో మొదటి పేజీకి ఎక్కేవీ కావు.

2006 ఫిబ్రవరిలో వచ్చిన సెక్యూరిటైజేషన్ మార్గదర్శకాలు కూడా ఆ కోవలోవే. అప్పులను మూటగట్టి వేరేవాళ్లకు అమ్మేసిన బ్యాంకు, లాభాన్ని ఆ రోజే పుస్తకాల్లో రాసుకోకూడదని, ఆ పత్రాల కాలపరిమితి పొడవునా పంచి చూపాలని నిబంధన. ఒక్క వాక్యం! అమెరికాలో సబ్‌ప్రైమ్ వ్యాపారాన్ని నడిపించిన ప్రోత్సాహాన్ని అది మొదట్లోనే నరికేసింది. క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌ల మీద ముసాయిదా బయటికి వచ్చింది గానీ 2008లో దాన్ని పక్కన పెట్టేశారు.

వాయిదా కళకు విదేశీ బ్యాంకుల వ్యవహారం చక్కటి ఉదాహరణ. 2004 మార్చిలో ప్రైవేటు బ్యాంకుల్లో విదేశీ పెట్టుబడి పరిమితిని ప్రభుత్వం 74 శాతానికి పెంచింది. 2005 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన మార్గసూచీలో రెండు దశలున్నాయి. 2009 మార్చి వరకూ విదేశీ బ్యాంకులు ఇక్కడి బ్యాంకులను చేజిక్కించుకోవాలంటే రిజర్వ్ బ్యాంకు గుర్తించిన బలహీన బ్యాంకుల జోలికే వెళ్లాలి. అసలు తలుపులు తెరిచేది ఏప్రిల్‌లో, అదీ సమీక్ష తర్వాత. ఆ ఏప్రిల్ వచ్చేసరికి లండన్, న్యూయార్క్ బ్యాంకులు వాళ్ల ప్రభుత్వాల దగ్గర చేయి చాచి నిలబడి ఉన్నాయి. ఈ అంశం మీద ఆర్థిక మంత్రి చిదంబరంతో తనకు కలిగిన విభేదాలను రెడ్డి ఆత్మకథలో దాచుకోలేదు.

ఆయన తగ్గిన సందర్భాలూ ఉన్నాయి, అభిమానులు వీటిని దాటేస్తుంటారు. విదేశీ మారక నిల్వలను మౌలిక సదుపాయాలకు మళ్లించాలన్న ప్రణాళికా సంఘం ఆలోచనను ఆయన మొదట ఒప్పుకోలేదు. చివరికి లండన్‌లో ఒక అనుబంధ సంస్థ పెట్టి, దానికి రిజర్వ్ బ్యాంకు డాలర్లు అప్పిచ్చే మధ్యేమార్గం కుదిరింది. 2008 జూన్‌లో చమురు సంస్థల దగ్గరున్న ఆయిల్ బాండ్లను తీసుకుని వాటికి డాలర్లు సమకూర్చే ప్రత్యేక ఏర్పాటు చేశారు. సబ్సిడీ భారాన్ని బడ్జెట్ బయట దాచే ప్రభుత్వ విన్యాసానికి రిజర్వ్ బ్యాంకు చేయందించడమే అది. ఆ ఆగస్టులో టోకు ద్రవ్యోల్బణం 12 శాతం దాటింది.

2008 సెప్టెంబరు 5న రెడ్డి పదవి దిగారు. పదో రోజున లేమాన్ బ్రదర్స్ కూలింది. ఆ తర్వాత జోసెఫ్ స్టిగ్లిట్జ్ మొదలు అమెరికా పత్రికల దాకా కురిపించిన ప్రశంసలు తెలిసినవే. వాటిలో ఎంత సబబు? ఆ రోజున రెపో రేటు 9 శాతం, నగదు నిల్వల నిష్పత్తి 9 శాతం. తర్వాత వచ్చిన దువ్వూరి సుబ్బారావు (ఆయనా ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారే) కొద్ది నెలల్లో రెపోను 4.75కు, నగదు నిష్పత్తిని 5కు దించి లక్షల కోట్లు వ్యవస్థలోకి వదలగలిగారంటే, దించడానికి అంత ఎత్తు మిగిలి ఉండటమే కారణం. ఇంతవరకూ ఘనత రెడ్డిది. కానీ బ్యాంకింగ్‌లో అధిక భాగం ప్రభుత్వరంగంలో ఉండటం, డిపాజిటర్లు భయపడకపోవడం ఆయన కట్టిన గోడలు కావు. పర్సీ మిస్త్రీ సంఘం 2007లో, రఘురాం రాజన్ సంఘం 2008లో రిజర్వ్ బ్యాంకు అతి జాగ్రత్తను తప్పుపట్టాయి. సంక్షోభం రాగానే ఆ నివేదికలను మూలన పడేశారు. బాండ్ల మార్కెట్ ఎదగకపోతే దీర్ఘకాలిక ప్రాజెక్టుల భారం బ్యాంకుల నెత్తిన పడుతుందన్న వాటి వాదన మాత్రం నిజమైంది. తర్వాతి దశాబ్దంలో బ్యాంకులను ముంచిన మొండిబకాయిల్లో పెద్ద సంఖ్య 2006–08 మధ్య ఇచ్చిన అప్పులవేనని రాజనే 2018లో పార్లమెంటు అంచనాల సంఘానికి రాసి ఇచ్చారు. విద్యుత్తు, ఉక్కు, రహదారుల ప్రాజెక్టులకు ఉదారంగా అప్పులు దొరికిన కాలం అది. స్థిరాస్తి మీద బ్రేకు వేసిన చెయ్యి ఇటువైపు అంత గట్టిగా పడలేదు. రెడ్డి వారసత్వం మీద నాకున్న ప్రధానమైన అభ్యంతరం ఇదే. స్థిరాస్తిని అదుపు చేస్తే ఏ మంత్రీ అడ్డురాడు. మౌలిక సదుపాయాలు ప్రభుత్వ కలల పంట. ఘర్షణ లేని చోట స్వాతంత్ర్యం వెతుక్కునే పద్ధతికి ఇది సహజమైన హద్దు.

పద్నాలుగో ఆర్థిక సంఘానికి అధ్యక్షుడిగా ఆయన చేసిన పని ఈ వ్యాసం పరిధి కాదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచమని సిఫార్సు చేసి, రాష్ట్రాలు దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో వాటికే వదిలేసిన వ్యక్తి, ఢిల్లీ విచక్షణను తగ్గించే పని ముంబయిలో మొదలుపెట్టిన వ్యక్తే.

2016లో రిజర్వ్ బ్యాంకు చట్టం మారింది. 4 శాతం ద్రవ్యోల్బణం లక్ష్యంగా, ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీకి వడ్డీ రేటు అప్పగించారు. రామారావుకు దక్కని చట్టబద్ధత వడ్డీ రేటు వరకు దక్కినట్టే. సంఖ్యాపరమైన ఒకే లక్ష్యానికి కేంద్ర బ్యాంకును కట్టేయడం మీద రెడ్డికి మొదటినుంచీ అనుమానమే. ఆయన ఆయుధాగారమైన రిస్క్ వెయిట్లు, నగదు నిష్పత్తి, లైసెన్సులు, మారకపు జోక్యం ఆ కమిటీ పరిధిలోకి రాలేదు, 7వ సెక్షన్ నీడలోనే ఉండిపోయాయి. 2018 శరత్కాలంలో కేంద్రం మొదటిసారిగా ఆ సెక్షన్ కింద సంప్రదింపులకు దిగినప్పుడు తగాదా రెపో రేటు మీద కాదు. బలహీన ప్రభుత్వ బ్యాంకుల మీద ఆంక్షలు, బ్యాంకేతర సంస్థలకు నగదు, రిజర్వ్ బ్యాంకు మిగులు నిధులు, వీటి మీద. డిసెంబరు 10న అప్పటి గవర్నరు ఉర్జిత్ పటేల్ రాజీనామా చేశారు.