అద్దాల లంగా, అద్దెకు

యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు దాటి కృష్ణానగర్ గల్లీల్లోకి వెళ్తే సినిమాలకు దుస్తులు అద్దెకిచ్చే కొట్లుంటాయి. పోలీసు యూనిఫారం, రాజుగారి కిరీటం, వాటి సరసన అద్దాలు కుట్టిన లంగా. ‘లంబాడీ డ్రెస్’ అంటారు. ఎన్ని పాటల్లో తళుక్కుమందో లెక్కలేదు. దాన్ని కుట్టుకున్న ఆడవాళ్ల కథ మాత్రం తెరమీదికి పెద్దగా రాలేదు.

అక్కడికి దగ్గర్లోనే బంజారాహిల్స్. నిజాం కొలువులోని మెహదీ నవాజ్ జంగ్ ఆ గుట్టమీద ఇల్లు కట్టుకుని, 1933లో రవీంద్రుడికి ఆతిథ్యమిచ్చిన నాటికి చుట్టూ రాళ్లూ పొదలే. బంజారాలు, అంటే లంబాడీలు, ఉన్న చోటు కాబట్టి ఆ పేరు. ఇప్పుడక్కడ గజం ధర వింటే గుండె జారుతుంది. పేరిచ్చినవాళ్ల తండా ఏదని మాత్రం అడగకండి.

ఎడ్లమీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దక్కనంతా తిరిగినవాళ్లు ఈ బంజారాలు. సేనలకు తిండిగింజలు మోసిందీ వాళ్లే. రైళ్లు వచ్చి ఆ బేరాన్ని మింగేశాయి. పైగా 1871 చట్టం కొన్ని ప్రాంతాల్లో వాళ్లమీద నేరస్థ జాతి ముద్ర వేసింది. 1952 దాకా ఆ ముద్ర తొలగలేదు. నిలకడగా ఇల్లు లేని బతుకులో ఆడది తన ఆస్తిని ఒంటిమీదే మోసింది. ఫేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తలముసుగు). వాటి నిండా అద్దం ముక్కలు, గవ్వలు, నాణేలు. సొంత లిపిలేని వాళ్ల భాష గోర్‌బోలికి ఈ కుట్టే రాత అనాలనిపిస్తుంది, కాస్త అతిగానే అయినా.

అమెరికా, కెనడాల మధ్య మహాసరస్సుల తీరాన అనిషినాబే ఆదివాసీ స్త్రీలు పూసలతో ఇలాంటి పనే చేశారు.

గుత్తి దగ్గర బసినేపల్లి తండాలో పుట్టిన సత్యవతి తిరుపతిలో సంగీతం నేర్చుకుని, టీవీలో మంగ్లీ అయింది. ‘లవ్ స్టోరీ’ (2021)లో ‘సారంగ దరియా’ పాడింది. ఇన్నాళ్లూ బట్టను మాత్రమే తెచ్చుకున్న ఫిల్మ్‌నగర్, ఈసారి గొంతును పిలిపించుకుంది.

శ్రావణం వస్తే తండాల్లో పెళ్లికాని పిల్లలు బుట్టల్లో మన్ను నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజుల తీజ్ పండుగ. డీజే పెట్టెలు వచ్చాయి గానీ, బుట్టలకు నీళ్లు పోసేటప్పుడు మాత్రం ఇంకా అవ్వల పాటే.