మిర్గం చేప ఏ నీటిది?

ట్రౌట్ చేపకు చన్నీళ్లు కావాలి. అందుకే ఇంగ్లీషు దొరలు దాన్ని కశ్మీరుకూ నీలగిరులకూ తెచ్చుకున్నారు గానీ గోదావరి వైపు తేలేదు. రెక్కల పురుగులు నీటి మీద లేచే వేళ కనిపెట్టి, వాటిని పోలిన ఈకల ఎరతో గాలం వేయడం వాళ్ల సరదా. ఎండాకాలం నిప్పులు చెరిగే గోదావరిఖనిలో ఆ వేట ఊహకందదు. కానీ పురుగునూ వాననూ చేపనూ కలిపి చూసే లెక్క ఇక్కడా ఉంది. జూన్ 7, 8 తేదీల్లో వచ్చే మృగశిర కార్తెను మన జనం మిర్గం అంటారు. ఆ రోజు ఇంట్లో చేపల కూర ఉండాల్సిందే. ఈ ఆచారం వైద్యంలో కాదు, ఏటి ఒడ్డున పుట్టిందని నా వాదన.

రోహిణి ఎండలకు నది మడుగులుగా చీలుతుంది, చేప వలకు సులువుగా దొరుకుతుంది. వెంటనే తొలకరి. తడిసిన పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి, నీళ్లలో రాలినవి చేపకు విందు. కొత్తనీరు తగలగానే జెల్లలు, పరకలు వాగులకు ఎదురెక్కుతాయి. నది పొంగాక బొచ్చె, రవ్వ గుడ్లు పెడతాయి. ముదిరాజులకూ గంగపుత్రులకూ ఈ వరస పంచాంగం చూడకుండానే తెలుసు. ఒంట్లో వేడి నిలవడానికే తింటారని కొందరంటారు, హైదరాబాదులో బత్తిని వారి చేప మందునూ చూపిస్తారు. అది ఒక కుటుంబం పంచే మందు, ఊరూరి కూర కాదు. ఇక వేడి అంటారా, అది కోడికూరలోనూ ఉందంటారు కదా! అయినా చేపనే ఎంచుకున్నారంటే, ఆ వారం చేతికందేది అదే.

తర్వాత నది మారింది. ఎగువన పోచంపాడు ఆనకట్టకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. రామగుండంలో సింగరేణి గనులు పెరిగాయి, 1983లో ఎన్‌టీపీసీ తొలి యూనిట్ మొదలైంది, ఆపై ఎల్లంపల్లి, సుందిళ్ల కట్టలు లేచాయి. షిఫ్టు దిగిన కార్మికుడికి మిర్గం చేప మడుగులో కాదు, మార్కెట్లో దొరికింది. ఆ మార్కెట్ నిండటం వెనక ఇంకో కథ ఉంది. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి హార్మోను సూదితో చేప చేత గుడ్లు పెట్టించారు. అప్పటి నుంచి చేపపిల్లకు వరద అవసరం తప్పింది. తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా చేపపిల్లల్ని చెరువుల్లో వదిలింది. జలాశయాలతో చేప పెరిగిందే గానీ తగ్గిందా అని అడగవచ్చు. తూకంలో పెరిగి ఉండవచ్చు. ఎదురెక్కే దారికి మాత్రం కట్టలు అడ్డం పడ్డాయి, ఆ నష్టాన్ని తక్కెడ చూపదు. అలాగని ఆచారం ఉత్తదైపోలేదు. మిర్గానికి చెరువు చేప సరిపోతున్నప్పుడు, తొలి వరదకు ఎదురెక్కే గుడ్ల చేపను పట్టాల్సిన పని లేదు. కొనేవాళ్లు చెరువు చేపనే అడిగి కొనండి, ఏటి చేపను గుడ్లు పెట్టేదాకా వదిలేయండి.