గోస్తనీ దిగిన దారి: భీమిలి చరిత్రలో కొండ వాటా ఎంత?



భీమిలి అనగానే మనోళ్ళకి గుర్తొచ్చేది బీచ్ రోడ్డు, ఫోటోలు. మొన్న సెలవుల్లో మన ఏజెన్సీ విద్యార్థులం కొందరం కలిసి వెళ్ళాం. సముద్రం చూడడం ఒక్కటే కాదు, ఆ ఊరి చరిత్రలో కొండ జనం ఎక్కడున్నారో వెతకాలి అనుకున్నాం. చూసింది, చదివింది కలిపి ఇక్కడ రాస్తున్నాం.

ముందు నీళ్ళ సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి, తాటిపూడి రిజర్వాయర్ మీదుగా, తగరపువలస దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలిసే ఏరు గోస్తనీ. పైన మనం గెడ్డ అని పంచె ఎగ్గట్టి దాటే నీళ్ళే అక్కడ ఉప్పునీళ్ళలో కలుస్తున్నాయి. తాటిపూడి నీళ్ళు విశాఖ నగరం తాగుతోంది. అంటే భీమిలి మనకి పరాయి ఊరేం కాదు, మన ఏరు చివర ఉన్న ఊరు.

ఊరికి ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. ఆ కొండే పావురాలకొండ. బౌద్ధ భిక్షువులు రెండు వేల ఏళ్ళ కిందట అక్కడ ఆరామం కట్టుకున్నారు. వాన నీళ్ళు నిలవ చేసుకోడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. తొట్లకొండ, బావికొండ కూడా ఇదే తీరంలో ఉన్నాయి. ఓడలు వచ్చే రేవులు, వర్తకులు ఇచ్చే దానాలు దగ్గర్లో ఉండబట్టే ఈ ఆరామాలు నిలబడ్డాయని చరిత్రకారులు చెప్తారు. కాబట్టి ఈ తీరంలో వ్యాపారం తెల్లోళ్ళతో మొదలైంది కాదు.

17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చారు. పాత పుస్తకాల్లో వీళ్ళనే ఒలందావాళ్ళు అని రాస్తారు. ముఖ్యంగా నేతబట్ట కొనడానికి ఇక్కడ స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ సమాధులు ఇంకా ఉన్నాయి. రాళ్ళ మీద పేర్లు, తేదీలు చెక్కి ఉన్నాయి. 1824లో లండన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం 1825లో భీమిలి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ ఏర్పడింది. ఇప్పుడు అది మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం.

ఇక మన వాటా దగ్గరికి వద్దాం. 19వ శతాబ్దంలో ఐరోపాలో తోళ్ళు పదును చెయ్యడానికి కరక్కాయ కావాలి. మన అడవి కరక్కాయ సంతల్లో అమ్ముడై, షావుకార్ల చేతులు మారి, బండ్లెక్కి ఈ రేవుకి చేరేది. లండన్ బజారులో ఆ రకం కరక్కాయకి పెట్టిన పేరు ‘భీమ్లీస్’. చెట్టు కొండది, ఏరిన చెయ్యి కొండోళ్ళది, పేరు మాత్రం ఓడ ఎక్కిన రేవుది! మైదానంలో పండించిన గోగునారకీ అంతే, దాన్ని ‘బిమ్లీ జూట్’ అన్నారు. పండించిన రైతు ఊరు పేరు ఎవడికీ అక్కర్లేకపోయింది.

సమాధి రాయి మీద ఒక డచ్చి ఉద్యోగి పేరు మూడు వందల ఏళ్ళు నిలిచింది. తలమోతలతో, కావిళ్ళతో ఘాట్లు దిగిన మన ముత్తాతల పేరు ఒక్కటీ ఎక్కడా లేదు. కొండ సరుకు కిందికి దిగింది, ఉప్పూ బట్టా పైకి ఎక్కాయి. ఏ సరుకుకి ఎంత ఇవ్వాలో చెప్పింది మాత్రం ఎప్పుడూ కింద ఉన్నోడే.

సరుకుతో పాటు చట్టమూ కొండెక్కింది. 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేసి, కలెక్టరునే ఏజెంటుగా పెట్టి పాలించారు. మనం ఈ రోజుకీ వాడే ‘ఏజెన్సీ’ అనే మాట అక్కణ్ణుంచి వచ్చిందే.

తర్వాత భీమిలి కూడా వెనకబడింది. 1890లలో తీరం వెంట వేసిన రైలు మార్గం భీమిలికి రాకుండా విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖలో పెద్ద ఓడరేవు తెరిచారు. ఓడలు అటు మళ్ళాయి. 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మన కొండల్నే తొలుచుకుంటూ బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేశారు. రేవు మారింది గానీ దారి మారలేదు: పైనుంచి కిందికే.

ఈ దారిలో మనవాళ్ళు గట్టిగా అడ్డం నిలబడ్డ సందర్భం ఒకటుంది. బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద నడిచిన సమత కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. గోస్తనీ మొదట్లో గెలిచిన గెలుపు అది.

2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కరక్కాయ మీద రేవు పేరు పడింది, కాఫీ మీద మన లోయ పేరు పడింది. ఇది చిన్న విషయం కాదు. అయితే పేరు వచ్చినంత మాత్రాన ధర వచ్చినట్టు కాదు. గింజకి రైతు చేతిలో ఎంత పడుతోంది, నగరంలో కప్పు ఎంతకి అమ్ముతున్నారు అని లెక్క అడగాల్సింది చదువుకుంటున్న మనమే.

ఒక పని చేద్దాం. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు తాతల్ని, అమ్మమ్మల్ని అడగండి: కరక్కాయ ఏ సంతకి మోసేవారు, ఏ కొలతతో కొలిచేవారు, బదులుగా ఏం ఇచ్చేవారు అని. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ పేరుతో సహా, నోటు పుస్తకంలో రాసి పెట్టండి. వాళ్ళ పేర్లని రాళ్ళ మీద ఎవరూ చెక్కలేదు, కాగితం మీదన్నా మనం ఎక్కిద్దాం.

జై ఆదివాసీ!