పాటకు జీతం కుదిరినంక

జర ఇటు జరుగు బిడ్డా, సలికి ఏళ్లు కొంకర్లు పోతున్నయి. ఆ మూలకున్న బొగ్గుపెళ్ల తెచ్చి కుంపట్ల ఎయ్యి. గట్టిగ ఊదకు, పొగ కండ్లల్ల పడ్తది. దాని తీర్న దాన్ని అంటుకోనియ్యి.

పొద్దుగాల మీ అన్న అడిగిండు, "తాతా, ఆ చినిగిన డప్పు దూలానికి ఎందుకు ఏలాడదీసినవ్, పారెయ్యరాదు" అని. అప్పుడు చెప్పబుద్ధి కాలే. ఇప్పుడు చెప్త, అందరు కూసోండ్రి.

నేను బొగ్గుబాయి పనికి ఎక్కిన్నాడు నాకు ఇర్వై రెండేండ్లు. మనూరు గోదారికి ఈ దిక్కు, ఆదిలాబాద్ జిల్లా. నేను పని చేసిన గోదావరిఖని ఆ దిక్కు, కరీంనగర్ జిల్లా. 2016 దసరనాడు జిల్లాలు చేసినంక ఇది మంచిర్యాల, అది పెద్దపల్లి అయినయి గని నా నోటికి పాత పేర్లే వస్తయి. బాయిల నాది ఫిల్లర్ పని. మందు పేలి బొగ్గు కూలినంక తట్టలకెత్తుకొని టబ్బుల పొయ్యాలె. టబ్బు నిండితెనే కూలి. లోపల ఉక్కపోతకు పెయ్యి మీద అంగి నిలువకపోతుండె. తలకాయకు లైటు, నడుముకు బ్యాటరీ, కింద మోకాలుమంటి నీళ్లు. ఎనిమిది గంటలు గట్లనే.

మా గుడిసెలల్ల ఎవలుంటుండిరి అంటవా? జగిత్యాల దిక్కు నుంచి, సిరిసిల్ల దిక్కు నుంచి దొరల ఎట్టి పడలేక పారిపోయి వచ్చినోళ్లు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలల జైత్రయాత్ర అయింది. చెప్పులు చేతవట్టుకొని దొర గడీ ముంగట నుంచి పోయినోళ్లు ఆ దినం జెండా వట్టుకొని బజార్ల నడిచిండ్రు. నెలన్నర తిరుగకముందే సర్కారు జగిత్యాలను, సిరిసిల్లను కల్లోలిత ప్రాంతాలని చెప్పింది. పోలీసు క్యాంపులు దిగినయి. ఇండ్లు ఇడిచిన పోరగాండ్లకు మా బొగ్గుబాయిలే దిక్కయినయి. వాళ్లు మూటల ఏమి తెచ్చిండ్రు? ఒక గొంగడి, ఒక తలెపల్లెం. ఇగ పాటలు.

ఆ పాటల సంగతి జర నిదానంగ చెప్పాలె. అవి ఎవలో కూసొని కొత్తగ రాగం కట్టినయి కావు. బతుకమ్మకు మీ అవ్వలు ఆడే ఉయ్యాల బాణి, నాట్లేసేటప్పటి పదం, మల్లన్న పట్నాల కాడ ఒగ్గోళ్ల డోలు దరువు, చిందోళ్ల ఆట. బాణి అందరికి ఎర్కే. లోపలి మాట మారింది అంతే. అందుకే ఒక్కసారి ఇంటె వచ్చేస్తుండె. సదువు రానోళ్లం మేము, మాకు కాయితం ఎందుకు? మన దండేపల్లి మండలం లింగాపూర్ల పుట్టిన గూడ అంజయ్య కట్టిన పాట మా బాయిల టబ్బు నింపుకుంట పాడుకునేది. ఆయన మందులిచ్చే కొలువు చేసుకుంట పాటలు కట్టిండు. 2016 జూన్ల పోయిండు.

1981ల ఒక ముచ్చటయింది. ఒక్కరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోసుడు మొదలువెట్టిండ్రు. ఎనిమిది రోజులు! సింగరేణి కార్మికులు పని బందువెట్టిండ్రు. పెద్ద యూనియన్లు ముంగట నడువలే, కార్మికులే నడిచిండ్రు. 56 రోజులు నడిచింది ఆ సమ్మె. సింగరేణి కార్మిక సమాఖ్య, సికాస అంటరు, దాండ్లకెల్లే లేచింది. 1992ల పీపుల్స్ వార్ పార్టీతోని పాటు దాన్ని సుత నిషేధించిండ్రు.

56 రోజులు జీతం లేకుంట ఎట్ల బతికినం? చుట్టుపక్క ఊర్లకెల్లి జొన్నలు, చింతపండు, కారప్పొడి వచ్చేది. మీ నానమ్మ ఎండిన మక్కలు ఇసిరి గటుక పోస్తుండె. ఆకలి పొట్టతోని నిద్ర రాదు గద. రాత్రి గుడిసెల నడుమ మంటేసుకొని డప్పు కాంచుకొని కూసునేది. డప్పు కాంచకుంటే మోగదు, సలికి తోలు సడలుతది. ఒకలు ఎత్తుకుంటె పది గుడిసెల్ల నుంచి గొంతు కలుస్తుండె. ఆ మంట కాడ నేను ఎన్నడు పాడనోన్ని పాడిన. పొట్టకు ఏమీ లేకున్న పొద్దుగాల లేచి గేటు కాడికి పోయే బలం దాండ్లకెల్లే వచ్చేది. ఇది నేను కండ్లార చూసిన ముచ్చట.

ఆ తర్వాత కొన్ని దినాలకు నన్ను పట్టుకపోయిండ్రు. ఏ ఠాణా, ఏ ఊరు, అవి ఇప్పుడెందుకు. "ఏం పాడినవ్, మల్ల పాడు" అన్నరు. పాడిన. నన్ను కొట్టినదానికి బాధ లేదు, అప్పటి దినాలల్ల అందరం తిన్న దెబ్బలే. గని నా డప్పును బల్ల మీద పెట్టి కత్తితోని కోసిండ్రు. మనిషిని కొట్టినట్టు కాదు, నిమ్మలంగ, ఈ అంచు నుంచి ఆ అంచుదాంక. గదే డప్పు అది. ఇప్పుడు సమజైందా, ఎందుకు పారెయ్యనో?

అదే 1981ల, ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిల గోండోళ్లు మీటింగు పెట్టుకున్నరు. సోమారం అంగడి దినం. ఇచ్చిన పర్మిషన్ మల్ల రద్దు చేసిండ్రు. ఆ సంగతి ఎర్కలేక గూడేలకెల్లి జనం నడిచొస్తనే ఉన్నరు. కాల్పులయినయి. సర్కారు చచ్చినోళ్లు 13 మంది అన్నది. హక్కుల సంఘాలోళ్లు 60 మందికి పైన అన్నరు. పోయినోళ్లకు స్తూపం కట్టుకుంటే 1986ల దాన్ని పేల్చేసిండ్రు. మల్ల కట్టినంక సుత, ఏండ్లకేండ్లు ఏప్రిల్ 20 వస్తే పోలీసులు తొవ్వలు బందువెట్టేది. పోయినోళ్లకు దండం పెట్టుకునుడు, ఒక పాట పాడుకునుడు నేరమైంది.

కొమురం భీం సినిమా సంగతి ఎర్కేనా మీకు? 2022ల వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ కాదు. దానికంటె ముప్పై ఏండ్ల ముంగట అల్లాణి శ్రీధర్ ఒకటి తీసిండు. భూపాల్‌రెడ్డి భీం ఏషం కట్టిండు. 1990 సాలుకు నంది అవార్డులు సుత వచ్చినయి. అవార్డు ఇచ్చింది సర్కారే. గని అది టాకీసుల పడ్డది 2010 జులైల! ఇర్వై ఏండ్లు డబ్బాల్ల ఉన్నది. టాకీసులు గుప్పెడుమంది చేతుల్ల ఉన్నప్పుడు జోడేఘాట్ల భీం కొట్లాడిన ముచ్చట ఎవలు ఆడిస్తరు? ఠాణాల కోసిన డప్పు, డబ్బాల మురిగిన సినిమా నాకు ఒక్క తీర్గనే కండ్లవడ్తయి. 2020ల ఆర్‌ఆర్‌ఆర్ టీజర్ల భీముకు టోపి పెట్టిండ్రని అప్పటి ఆదిలాబాద్ ఎంపీ సోయం బాపురావు కోపానికి వచ్చిండు, అది తీసెయ్యకుంటే సినిమా ఆడనియ్యమన్నడు. ఆదివాసుల బాధ నాకు సమజైంది. గని ఆడనియ్యమనుడు నేను ఒప్పుకోను. మా డప్పు కోసినోళ్లు చేసింది సుత గదే.

1990 ఫిబ్రవరి 20న నేను పట్నం పోయిన. నిజాం కాలేజీ మైదానంల గద్దర్ అజ్ఞాతం ఇడిచి వచ్చి పాడిండు. నేల ఈనినట్టే జనం. మేము ఖని నుంచి పోయినోళ్లం ఎక్కడ్నో ఎనుకకు ఉన్నం, మనిషి కనవడలే, గొంతే ఇనవడ్డది. 1997 ఏప్రిల్ 6న ఆయన మీద కాల్పులయినయి. ఒక తూటా ఎన్నుపూస కాడ అట్లనే ఉండిపోయింది. ఆ తూటాతోనే ఇర్వై ఆరేండ్లు పాడిండు. 2023 ఆగస్టు 6న పోతే సర్కారు లాంఛనాలతోని సాగనంపిండ్రు. ఇప్పుడు సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టిండ్రు. మంచిదే. ఆయన పాడుకుంట అడిగినయి ఏమయినయి అని నేను అడుగుత.

తెలంగాణ కొట్లాట మీకు యాదికుండదు, చిన్నోళ్లు. 2001 మే 17న కరీంనగర్ల సింహగర్జన సభ అయింది. 2002 నుంచి ధూంధాంలు. ఊరూరికి గజ్జె కట్టి పాడిండ్రు పోరగాండ్లు, పైస లేకుంట, ట్రాక్టర్ల మీద నిలవడి. 2011ల సకల జనుల సమ్మె అయితే బొగ్గుబాయిలు నెల దాటి బందయినయి. తెలంగాణ ఒక్క నాయకుడు తెచ్చింది కాదు బిడ్డా, పాట తెచ్చింది. ఈ మాట నేను ఎవల ముంగటనైన అంట.

వచ్చినంక ఏమైంది? తెలంగాణ సాంస్కృతిక సారథి అని పెట్టిండ్రు. అప్పటి మానకొండూరు ఎమ్మెల్యే, ధూంధాంల పాడిన రసమయి బాలకిషన్ దానికి చైర్మన్ అయిండు. 550 మంది కళాకారులకు నెల జీతం. మా చెల్లె కొడుక్కు సుత అండ్ల కొలువైంది. మీరు చూసిండ్రు గద, ఇల్లు కట్టిండు, బిడ్డను సదివిపిచ్చిండు. ధూంధాంల తిరిగిన పదేండ్లు వాని పెండ్లాం బీడీలు చేసి ఇల్లెల్లదీసింది. ఆ ఇంటికి అన్నం దొరికినందుకు నేను సంబురపడ్డ. వాన్ని తిట్టే హక్కు నాకు లేదు.

గని ఒక సంక్రాంతికి వాడు వచ్చిండు. ఇదే కుంపటి కాడ కూసున్నడు. "మామా, పాట పాడాల్నా" అన్నడు. పాడిండు. ఏ పథకానికి ఎవలు అర్హులు, దరఖాస్తు ఎక్కడ పెట్టాలె, ఇచ్చిన సారు సల్లగుండాలె. బాణి మాదే, గదే ఉయ్యాల బాణి. నేను మనసు పట్టలేక అడిగిన, "మన దిక్కు ఓపెన్‌కాస్టు గని మీద పాటేమన్న కట్టినవా అల్లుడా" అని. వాడు తల కిందికి ఏసుకున్నడు. "ఇచ్చిన పాటే పాడాలె మామా" అన్నడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. కోసిన డప్పును మల్ల తోలుతోని మూయొచ్చు. దీన్నెట్ల మూస్తం?

సర్కారు మారింది. 2024 నవంబర్ల గద్దర్ బిడ్డ వెన్నెల ఆ సారథికి చైర్‌పర్సన్ అయింది. ఆమె మీద నాకు గౌరవమున్నది. అందుకే ఆమెకు చెప్పుకోవాలెనని ఉన్నది: జీతం ఇయ్యుండ్రి, పాట మాత్రం పాడేటోనికే ఇడిచిపెట్టుండ్రి.

తెలంగాణ వచ్చినంక అడిగేటోళ్లకు జాగ సుత ఇరుకైంది. 2017ల హైదరాబాద్ల ఇందిరాపార్కు కాడి ధర్నాచౌక్ బందువెట్టిండ్రు. 2018ల హైకోర్టు చెప్తె గాని తెరువలే. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంల కూసోను చారెడు జాగ కోసం కోర్టుకు పోవాల్సొచ్చింది.

ఇటు ఏం నడిచిందో చూడు. సింగరేణిల 1990 దిక్కు లక్షా పదహారు వేలమంది పని చేస్తుండిరి. ఇప్పుడు నలభై వేలకు అటిటు. బొగ్గు తగ్గలే, మనుషులు తగ్గిండ్రు. ఓపెన్‌కాస్టుల మట్టి తీసుడు ప్రైవేటు కంపెనీలకు పోయింది. మిషన్లు వాళ్లయి, లాభం వాళ్లది, పేలుళ్లకు పగిలిన గోడలు మనయి. 2024 దసర ముంగట పర్మినెంటోళ్లకు లాభాల్ల 33 శాతం వాట అని ప్రకటించిండ్రు. కంట్రాక్టోళ్లకు మొదటిసారి అని 5,000 ఇచ్చిండ్రు. ఒక్క బాయిల, ఒక్క దుమ్ము పీల్చినోళ్లు.

అటు సిర్పూర్ కాగజ్‌నగర్ల పేపరు మిల్లు, నిజాం కాలం నాటిది, 2014 సెప్టెంబర్ల మూతవడ్డది. రాష్ట్రం వచ్చి నాలుగు నెలలు కాలే. నాలుగేండ్లకు జేకే కంపెనీ తీసుకుంటె, రాయితీలిచ్చి 2018ల తెరిపిచ్చిండ్రు. ఆ నాలుగేండ్లు కార్మికుల ఇండ్లల్ల పొయ్యి ఎట్ల ఎలిగిందో ఎవలు పాడిండ్రు?

పింఛను మాట చెప్త. ముసలోళ్లకు 2,016 వస్తున్నది. నాలుగు వేలు చేస్తమని 2023ల ఓట్ల ముంగట చెప్పిండ్రు. బొగ్గుబాయోళ్లకు వేరే పింఛను ఉన్నది, 1998ల పెట్టిండ్రు. నెలకు కనీసం వెయ్యి రూపాయలు ఇయ్యాలె అని రాసుకునేటందుకు 2024 దాంక పట్టింది. భూమి కింద ముప్పై ఏండ్లు పని చేసినోనికి వెయ్యి! బియ్యం ఇచ్చినం, చీరె ఇచ్చినం, పింఛను ఇచ్చినం అని ఫోటోలు పెట్టుకుంటరు. ఇచ్చుడేంది? మేము తీసిన బొగ్గుతోనే రామగుండంల కరెంటు పుట్టింది, దాంతోనే పట్నం ఎలుగుతున్నది. మా వాట మాకు రావాలె, ఎవల దయ వద్దు.

ఇగ అసలు సంగతి. కేంద్రం 2020 నుంచి బొగ్గు బ్లాకులు ప్రైవేటోళ్లకు ఏలం పెడుతున్నది. మన మంచిర్యాల జిల్లాల శ్రావణపల్లి బ్లాకు సుత దాండ్ల పెట్టిండ్రు. సింగరేణోళ్లు 2021 డిసెంబర్ 9 నుంచి మూడు దినాలు సమ్మె చేసిండ్రు, నాలుగు బ్లాకులు ఏలం వెయ్యొద్దని. ఆ మూడు దినాలల్ల నేను గేటు కాడికి పోయిన. ముసలోన్ని, కుర్చేసి కూసోవెట్టిండ్రు. జెండాలున్నయి, లీడర్ల ప్రసంగాలున్నయి, మైకున్నది. డప్పు లేదు. ఒక్క పాట ఇనవడలే. పొద్దు గూకేదాంక సూసి ఇంటికచ్చిన. 2024 జూన్ల శ్రావణపల్లిని మల్ల ఏలం జాబితల పెట్టిండ్రు, హైదరాబాద్లనే ఆ ఏలం మొదలువెట్టిండ్రు.

కుంపటి సల్లారుతున్నట్టున్నది, ఇంకో పెళ్ల ఎయ్యి. నాకు నిద్ర వస్తలేదు గని మీకు వస్తున్నది, తెలుస్తున్నది.

ఒక్కటే చెప్పి ఊకుంట. కొత్త బొగ్గు గని తియ్యాలంటె ముంగటగాల జనాన్ని పిలిచి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె, అది చట్టం. టెంటేస్తరు, కుర్చీలేస్తరు, పోలీసులు నిలవడ్తరు. మన దిక్కు పెట్టిన్నాడు మీరు పోవాలె, నేను లేకున్న పోవాలె. మీ అన్నకు గొంతున్నది, నీకు మాట కట్టుడు వచ్చు. రేపు పొద్దుగాల ఆ డప్పు దింపుండ్రి, మేకతోలు తెప్పిచ్చి కొత్తగ మూపిచ్చుకొస్త.