మౌఖిక పరీక్షలో పెద్దపీట ఎవరిది?

మేము నివసించు బొగ్గుగనుల శ్రీరాంపూర్‌కు, మన బి.డి. పట్టాల మీదనున్న బెంగాలు సెరంపూర్‌కు మూలమైన పేరు ఒక్కటే. ఆ కళాశాల 1818లో స్థాపించబడి, 1827లో డెన్మార్కు రాజు శాసనము ద్వారా పట్టాలిచ్చు హక్కు పొందినది. తొలి బి.డి. పట్టాలు 1915లో ఇచ్చిరి. అయితే పరీక్షించువానికీ పరీక్షింపబడువానికీ మధ్యనున్న అధికారము గూర్చి తెలిసికొనుటకు ఇంకను వెనుకకు, కలకత్తాలోని ఫోర్ట్ విలియం కళాశాలకు వెళ్లవలెను.

విలియం కేరీ గారు 1801లో అక్కడ బెంగాలీ బోధకునిగా చేరిరి. విద్యార్థులు కంపెనీవారి యువ ఉద్యోగులు, అనగా రేపటి జిల్లా పాలకులు. గవర్నర్ జనరల్ సమక్షములో బహిరంగ వాదసభ జరిగేది. ఒక విద్యార్థి ప్రతిపాదన చేయగా తోటివారు ఖండించెదరు, ఆచార్యుడు మధ్యవర్తి. 1802లో బెంగాలీ వాదమునకిచ్చిన అంశము, ఆసియావారు ఐరోపావారితో సమానమైన నాగరికతను పొందగలరా అనునది! ఆసియా పండితుల యొద్ద నేర్చిన భాషలోనే ఆ ప్రశ్న వాదింపబడుట గమనించండి. జవాబు చెప్పవలసినది మాత్రము పండితులు కారు.

జీతములు చూచినచో సంగతి మరింత తేటపడును. ప్రధాన పండితుడు మృత్యుంజయ విద్యాలంకార్‌కు నెలకు 200 రూపాయలు. కేరీ గారికే బెంగాలీ నేర్పిన రామ్‌రామ్ బసుకు 40. శిష్యుడైన కేరీ గారికి 500. ఆయనకును పూర్తి గౌరవము దక్కలేదు. ఆంగ్లికన్ సంఘమునకు చెందనివాడు కనుక 1807 వరకు ఆచార్య పదవి ఇయ్యలేదు. 1804లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఎదుట సంస్కృతములో ప్రసంగించినప్పుడును ఆయన వట్టి బోధకుడే. పీటను నిర్ణయించినది పాండిత్యము కాదని నా అభిప్రాయము.

తెలుగువారి సంగతియు ఇట్టిదే. 1812లో మద్రాసులో స్థాపించబడిన ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో పట్టాభిరామశాస్త్రివంటి పండితులుండిరి. 1817లో వచ్చిన సి.పి. బ్రౌన్ వెలగపూడి కోదండరామ పంతులు యొద్ద తెలుగు నేర్చెను. అయినను విద్యార్థి ఉత్తీర్ణుడో కాదో తేల్చు బోర్డు ఆంగ్ల అధికారులదే.

నేడు పరీక్షకులు మనవారే. గాని గ్రామ సంఘములో తెలుగున తేటగా వాక్యము బోధించిన అభ్యర్థి, బల్ల ముందు ఇంగ్లీషు ప్రశ్నకు తడబడుచున్నాడు. అతని తెలుగు ఎంత బాగున్నదో ఆ బల్ల చుట్టూ ఉన్నవారికి తెలియకపోదు. మార్కుల కాగితములో దానికి గడి లేదు.