తరవాణి కుండ, తెల్ల కార్డు

అన్నం పారేయకూడదన్న మాట నేను రెండు గొంతుల్లో విన్నాను. ఒకటి మా మామ్మది. కంచంలో నాలుగు మెతుకులు మిగిలితే "నేలపాలు సేస్తే రేపు ఎవులు పెడతారు?" అనేది. రెండోది ఈ మధ్య పెళ్ళి హాళ్ళ గోడల మీదా, ఫోన్లో రీల్స్‌లోనూ వినిపించే గొంతు. అది భూగోళం గురించీ, కార్బన్ గురించీ మాట్లాడుతుంది. రెండూ మంచి మాటలే. కానీ రెండో గొంతు వినేవాళ్ళలో మా మామ్మలాంటి వాళ్ళని కూడా కలిపేసి పాఠం చెప్పడం మొదలుపెట్టినప్పుడు నాకు చిరాకేస్తుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం మన దేశంలో ఇళ్ళలో తలకి ఏడాదికి 55 కిలోల తిండి వృథా అవుతోంది. ఇది సగటు. మద్దిలపాలెంలో మేమున్న సందుకీ, హైవే అవతల కనిపించే అపార్టుమెంట్లకీ కలిపి ఒకే సగటు ఎలా కుదురుతుందో నాకు అంతుపట్టదు.

అందుకే ఈ నీతి మన దగ్గర ఎలా బతికిందో చూద్దామనుకున్నాను. వెతికితే మా ఇంట్లోనే రెండు వస్తువులు కనిపించాయి: ఒక కుండ, ఒక కార్డు.

ముందు కుండ సంగతి. ఇప్పుడు మద్దిలపాలెం అంటే ఆర్టీసీ డిపో, సీఎంఆర్ సెంట్రల్, రోజంతా ఆగని హైవే. మా తాత పోర్టులో కలాసీ పనికని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ చేరినప్పుడు మామ్మ వెంట తెచ్చుకున్న సామాన్లలో తరవాణి కుండ కూడా ఉందట. తరవాణి పేరు వినని వాళ్ళకి చెప్పాలి. ఎసట్లో బియ్యం పోసి, ఉడికాక వార్చిన గంజినీ, బియ్యం కడిగిన కలినీ ఒక కుండలో పోసి మూల పెడతారు. రెండు మూడు రోజుల్లో పులుస్తుంది. ఇక అక్కణ్ణుంచి ఆ కుండ ఆగదు. రోజూ వాడుకున్నంత తీయడం, రోజూ కొత్త గంజి పోయడం. రాత్రి మిగిలిన అన్నం అందులో తేటతో నానబెడితే పొద్దున్నకి చద్ది. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఉంటే చాలు. కొందరు వామో, దబ్బాకో వేస్తారు. కుండ మరీ పులిసిపోకుండా మధ్యలో కడిగి, పాత తేట కొంచెం ఉంచి మళ్ళీ మొదలుపెట్టాలి. తోడు పెట్టడం లాంటిదే అనుకోండి.

ఈ పద్ధతిలో పారేయడానికి ఏమీ మిగలదు. కడిగిన నీళ్ళు కూడా తిండే. గంజి ఎక్కువైతే ఇంట్లో చీరలకి పెట్టేవారు, ఇంకా ఉంటే గేదె కుడితిలోకి. దీన్ని ఎవరూ పొదుపు అని పిలవలేదు. వంట అన్నారంతే.

తరవాణి ఎందుకు పోయిందని అడిగితే చాలామంది "జనాలకి నామోషీ" అంటారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఇంకో కారణం కనిపిస్తుంది: ప్రెషర్ కుక్కర్. కుక్కర్లో అన్నం వార్చరు. వార్చకపోతే గంజి లేదు, గంజి లేకపోతే కుండలో పోయడానికేమీ లేదు. కట్టెల పొయ్యి మీద ఎసరు పెట్టడం పోయింది గ్యాస్ వల్ల. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకంతో పేదిళ్ళలోకి గ్యాస్ సిలిండరు వచ్చింది. ఆడవాళ్ళ కళ్ళు పొగ నుంచి బతికాయి, అందులో అనుమానం లేదు. ఆ పక్కనే కుండ వెళ్ళిపోయింది. ఇప్పుడు స్టార్ హోటళ్ళలో చద్దన్నం మట్టి మూకుడులో పెట్టి ప్రోబయోటిక్ అని అమ్ముతుంటే నవ్వొస్తుంది గానీ, ఆ మెనూ రాసినవాడికి వార్చడం వచ్చా అని ఒక డౌటు.

ఇంట్లో బియ్యం ఉన్నంతవరకూ ఎలా సర్దుకునేవారో కుండ చెప్తుంది. బియ్యమే లేనప్పుడు ఏం జరిగేదో తెలియాలంటే ఇంకా వెనక్కి, కరువుల్లోకి వెళ్ళాలి.

1876–78 నాటి కరువుని మనవాళ్ళు ధాత కరువు అన్నారు, తెలుగు సంవత్సరం పేరుతో. రాయలసీమ, నెల్లూరు వైపు ఎక్కువ చచ్చిపోయారు. అప్పుడు వైస్రాయి పంపగా మద్రాసు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, అంతకు ముందు 1874లో బీహార్ కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడు. దానికి ఆయనకి దక్కింది దుబారా మనిషి అన్న తిట్టు. ఈసారి ఆ పేరు రాకూడదనుకున్నాడు. పనిలో చేరిన మగమనిషికి రోజుకి ఒక పౌను, అంటే దాదాపు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా చాలన్నాడు. మట్టి తవ్వే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దీని మీద గట్టిగా పోరాడాడు. పప్పూ కూరలూ లేకుండా ఇంత తక్కువతో ఒళ్ళొంచి పనిచేస్తే మనుషులు చచ్చిపోతారని లెక్కలు కట్టి చూపించాడు. 1877లోనే ఆ కూలీ లెక్క మార్చాల్సి వచ్చింది.

తర్వాత రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కమిషన్, 1880లో దాని నివేదిక, 1883లో కరువు నియమావళి. ఈ కాగితాలన్నిటి వెనకా ఉన్న భయం ఒకటే: అవసరం లేనివాడు వచ్చి తినేస్తాడేమో. అందుకు పరీక్షలు కనిపెట్టారు. పని దూరంగా పెడితే నిజంగా ఆకలైనవాడే నడిచి వస్తాడు. శిబిరంలోనే ఉండాలంటే పరువున్నవాడు రాడు. ధాన్యం బదులు వండిన గంజి పెడితే కులం పట్టింపున్నవాడు ముట్టుకోడు. అంటే వండిన తిండి ఆకలి తీర్చడానికే కాకుండా, మనుషుల్ని రాకుండా ఆపడానికీ పనికొచ్చింది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది. 1896–97లో కరువు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాలకి వచ్చేటప్పటికి ఈ నియమావళి చేతిలో ఉంది.

ఇదే కాలంలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చిన ప్రతివాళ్ళకీ వేళాపాళా చూడకుండా అన్నం పెట్టారు. ఇప్పుడు మన బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు. ఆమెని తల్చుకోవడం మంచిదే. అయితే అప్పటి మన సమాజం అంతా సీతమ్మలతో నిండి ఉండేదన్నట్టు రాసే వ్యాసాలు చదివినప్పుడు ఒళ్ళు మండుతుంది. బ్రాహ్మణ కుర్రాళ్ళకి "వారాలు" ఉండేవి: సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో తింటూ చదువుకునేవారు. ఎంతమంది పెద్ద ప్లీడర్లు, పండితులు అలా తయారయ్యారో. డబ్బిచ్చి తినేవాళ్ళకి పూటకూళ్ళ ఇళ్ళు. టంగుటూరి ప్రకాశం తల్లి భర్త పోయాక ఒంగోల్లో అలాంటి ఇల్లు నడిపే పిల్లల్ని పెంచింది. 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ మన విజయనగరం మనిషే. ఆవిడ అన్నం తిని, ఆవిడ డబ్బే వాడేసిన గిరీశాన్ని మనం నూరేళ్ళకి పైగా ముద్దు చేస్తున్నాం. కానీ మా తాత తండ్రికి చదువుకోవాలనిపిస్తే వారం ఇచ్చే ఇల్లు లేదు. ఉచితంగా తినడంలో కూడా కొందరికి గౌరవం, కొందరికి పరీక్ష.

విశాఖ వాళ్ళకి ఆకలికి ఇంకో మందు ఉండేది: రంగం. ఓడెక్కి రంగూన్ వెళ్ళి మిల్లుల్లో, రేవులో పనిచేసేవారు. వాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు. అక్కడి బియ్యం ఇక్కడికి, ఇక్కడి మనుషులు అక్కడికి. 1942లో బర్మా జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులు పడ్డాయి. బియ్యం ఆగింది, నడిచి రాగలిగిన మనుషులు వెనక్కొచ్చారు. యుద్ధకాలపు రేషనూ కంట్రోళ్ళూ యుద్ధం అయిపోయాక కూడా పోలేదు. విశాఖ ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1952లో రాజాజీ బియ్యం మీద కంట్రోలు ఎత్తేశారు. "కంట్రోలు బియ్యం" అన్న మాట మాత్రం మామ్మ నోట్లో చివరిదాకా ఉండిపోయింది.

ఇక కార్డు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి 25కి మించకుండా. ఏడాది ఆదాయం 6000 రూపాయలలోపు ఉండాలి. అంతకు ముందు రేషన్ షాపులు లేవని కాదు, కానీ ఓటుకీ బియ్యానికీ సూటిగా లంకె పడింది అప్పుడే. తర్వాత ఆ ధర ప్రయాణం చూస్తే రాష్ట్ర రాజకీయ చరిత్ర మొత్తం అందులోనే ఉంది: 3.50కి ఎక్కి, 1994లో ఎన్టీఆర్ తిరిగొచ్చాక 2కి దిగి, 1996లో చంద్రబాబు హయాంలో మళ్ళీ 3.50 అయి, 5.25 దాకా వెళ్ళి, 2008లో రాజశేఖరరెడ్డి 2కి దించితే, 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి రూపాయి చేశారు. 2023 జనవరి నుంచి కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఉచితం.

కార్డుకి రంగు ఉండేది. పేదవాళ్ళకి తెలుపు, మిగతావాళ్ళకి గులాబీ. బడిలో ఫారాలు నింపేటప్పుడు "మీది తెల్ల కార్డా?" అని టీచర్లు పైకే అడిగేవారు. చెయ్యెత్తాలి. టెంపుల్ దొర పరీక్షకి ఇది చెల్లెలి వరస.

ఆ బియ్యం తిన్నామా? ఇక్కడికొచ్చేసరికి నీతి పాఠం చెప్పేవాళ్ళ గొంతు పెద్దదవుతుంది. డిపో బియ్యం లావు. ప్రభుత్వం కొనే బియ్యంలో 25 శాతం దాకా నూక ఉండొచ్చని నిబంధనే ఉంది. గోదాముల్లో నిలవుండి వచ్చిన బియ్యం వాసన పోవాలంటే నీళ్ళు మార్చి మార్చి కడిగి, ఎసట్లో పోసి వార్చాలి. తరవాణి కుండ ఉన్నన్నాళ్ళూ మామ్మకి ఆ బియ్యంతో పేచీ లేదు. కుక్కర్ వచ్చాక అదే బియ్యం ముద్దయింది. అప్పుడు మా అమ్మ లెక్క మార్చింది. సగం పిండి పట్టించి దోసెలకీ, నూక విడిగా జల్లించి ఉప్మాకీ, కొంత ఇడ్లీ రవ్వకీ. మిగిలింది సైకిల్ మీద వచ్చి కాటా వేసే అతనికి. ఆ డబ్బుకి ఇంకొంత వేసి సన్నబియ్యం కొనేది. మా సందులో చాలా ఇళ్ళ లెక్క ఇదే.

దీన్ని కాగితాల్లో దుర్వినియోగం అంటారు. నేరమే, కాదనను. కానీ ఒక్క గింజ చెత్తలోకి పోలేదు. ఇచ్చినదాన్ని తినగలిగే రూపంలోకి మార్చుకునే తెలివి అది, తరవాణి కుండ తెలివే. సైకిల్ మనిషి దగ్గర్నుంచి ఆ బియ్యం మిల్లుకెళ్ళి, పాలిష్ అయి, ఎక్కడెక్కడికో పోతుంది. 2024 నవంబరులో కాకినాడ రేవులో ఆఫ్రికా వెళ్ళే ఓడలో రేషన్ బియ్యం ఉందని పెద్ద గొడవ అయింది కదా. ఉప ముఖ్యమంత్రి పడవెక్కి సముద్రంలోకి వెళ్ళడం అందరం ఫోన్లలో చూశాం. ఓడలకెత్తేవాళ్ళకీ, పిల్లలకి మెత్తటి అన్నం పెట్టాలనుకున్న మా అమ్మకీ ఒకే పేరు పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

అసలైన వృథా ఎక్కడుందో నేను కళ్ళారా చూసింది హుద్‌హుద్ అప్పుడు. 2014 అక్టోబరు 12న తుపాను విశాఖని ఊడ్చేసింది. రోజుల తరబడి కరెంటు లేదు. రెండో రోజుకల్లా అపార్టుమెంట్ల కింద ఫ్రిజ్‌లు ఖాళీ చేసిన సంచులు గుట్టపడ్డాయి: మాంసం, చేపలు, పన్నీరు, పేర్లు తెలియని పెట్టెలు. మా సందులో పారేయడానికి ఏమీ లేదు, ఎందుకంటే దాచడానికే ఏమీ లేదు. వీధి మధ్యలో మూడు రాళ్ళు పెట్టి అందరి బియ్యం ఒకే డేగిసాలో వండారు. మామ్మ ఆ రోజు గంజి వార్పించింది.

పంచే పద్ధతులు మాత్రం మారుతూనే ఉన్నాయి. 2015 నుంచి ఈపాస్ మిషన్, వేలిముద్ర. ఏళ్ళ తరబడి అంట్లు తోమిన వేళ్ళకి గీతలెక్కడుంటాయి? 2021 జనవరిలో 9260 వ్యాన్లు ఇంటి ముందుకే అన్నారు. 2025 జూన్ నుంచి మళ్ళీ డిపోలకే, ముసలివాళ్ళకీ దివ్యాంగులకీ మాత్రం ఇంటికి తెచ్చిస్తామన్నారు.

ఈ మొత్తం కథలో పేరూ, కార్డూ, వేలూ అడగని చోటు నాకు ఒక్కటే కనిపిస్తోంది. 2018 జులైలో మొదలైన అన్న క్యాంటీన్. ఐదు రూపాయలకి టిఫినో భోజనమో. తమిళనాడు అమ్మ ఉణవగం చూసి పెట్టిందే, పేరులో పార్టీ ఉంది, ప్రారంభోత్సవాల్లో ఫొటోలున్నాయి. అయినా అక్కడ లైన్లో నిలబడితే ముందు వెనకల్లో ఆటో డ్రైవరు, తాపీ మేస్త్రి, పోటీ పరీక్షలకి చదివే కుర్రాడు, ఆస్పత్రి నుంచి వచ్చిన పెద్దాయన. ఎవరు ఎవరో ఎవరికీ అక్కర్లేదు. నూట నలభై ఏళ్ళ కిందట జనాన్ని రాకుండా ఆపడానికి వాడిన వండిన అన్నం, ఇప్పుడు ఎవరినీ ఏమీ అడక్కుండా పెట్టే అన్నమైంది. 2019లో ప్రభుత్వం మారగానే వాటిని మూసేశారు. మళ్ళీ ప్రభుత్వం మారి, 2024 ఆగస్టు 15న తెరిచేదాకా ఐదేళ్ళు తాళాలే. ఆ ఐదేళ్ళలోనే కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది, మా హైవే మీద ఒడిశా వైపు నడిచివెళ్ళే మనుషుల్ని చూశాం.

మొన్న లైన్లో నా ముందున్న ముసలామె అన్నం వడ్డించే అమ్మాయితో "సాల్సాలు తల్లీ, తినలేను" అని కంచం వెనక్కి లాక్కుంది. పెట్టింది మొత్తం తింది. చేయి కడుక్కుని వస్తూ నన్ను ఆపి అడిగింది:

"ఇది ఎన్నాళ్ళుంటాదేటి బాబూ? మళ్ళీ మూసేస్తారా?"

"ఎలక్షన్లు ఇంకా దూరం ఉన్నాయి కదా మామ్మా" అన్నాను.

ఆమె వేళ్ళ మీద ఏవో లెక్క పెట్టుకుంటూ రోడ్డు దాటింది.